చింతపండు ఒట్టు

13 అక్టోబర్ 2019, ఆదివారం

నన్నొక్క మాట అడగకుండా మా చెరువు గట్టున మూడు నీలం డ్రమ్ములు పెట్టారు. మురుగు నాలా వచ్చి చెరువులో కలిసే చోట, సరిగ్గా గుడి మెట్ల పక్కన. పైపులు, మోటారు, ఒక ప్లాస్టిక్ కుర్చీ. కుర్చీలో ఒక అమ్మాయి.

వెళ్ళి హిందీలో తిట్టాను. ఇది దేవుడి నీరు, మీ కాలేజీ ఆటలకు రాయ్‌పూర్‌లో ఇంకో చోటు దొరకలేదా అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆ అమ్మాయి అంతా విని, తెలుగులో, బాబాయ్ గారూ, కొంచెం ఆగి ఆగి తిట్టండి, మోటారు మోతలో సగం వినపడలేదు అంది.

పేరు బిందుమాధవి. పెరిగింది భిలాయిలో, సొంతూరు పార్వతీపురం వైపు. రీసెర్చ్ చేస్తోందట. చెరువు ఇలా పచ్చ రంగు ఒలికినట్టు ఉండడానికి కారణం ఫాస్ఫేట్ అట. సబ్బు పొడిలో, మురుగులో ఉంటుంది. నాచుకు అదే మేత. డ్రమ్ముల నిండా గోధుమ రంగు గుళికలున్నాయి. వరి ఊకను బొగ్గు చేసి, దాని మీద ఇనుము, లాంథనం అనే ఇంకో లోహం, కంటికి ఆననంత సన్నగా అంటించారట. నానోకాంపోజిట్ అంది. నాలా నీరు వాటి మధ్య నుంచి పారితే ఫాస్ఫేట్ గుళికలకు అతుక్కుని అక్కడే ఉండిపోతుంది. మిగతా నీరు చెరువులోకి వెళుతుంది. ల్యాబ్‌లో బ్రహ్మాండంగా పనిచేసిందట. ఇక్కడ కూడా పనిచేస్తేనే ఆమె చదువు పూర్తవుతుంది.

నేను ఐదో క్లాసు. ఆ పైన చదివినదంతా పురాణమే, అదీ నాకు నేనే నేర్చుకున్నాను. అయినా ఆమె చెప్పినది అర్థమైంది.

గదికి వచ్చి అన్నం వండుకున్నాను. ఈ సంగతి చెప్పడానికి ఎవరూ లేరు. మా ఆవిడ సుభద్ర వాళ్ళ అక్క దగ్గరకు బొబ్బిలి వెళ్ళిపోయాక గోడలకు చెప్పేవాణ్ణి. గోడల కన్నా ఈ నోటుపుస్తకం నయం.

14 అక్టోబర్, సోమవారం

నేను నడిపే క్రేన్ క్యాబిన్‌లో కూడా నా దగ్గర పురాణ గ్రంథం ఉంటుంది, టిఫిన్ డబ్బా పక్కన. ఉర్లాలో రోలింగ్ మిల్లు మోతలో చదవడం ఎలాగో నాకే తెలుసు. ఇవాళ తెరిస్తే మడుగులో విషం కక్కే పాము కథే వచ్చింది. ఎన్నిసార్లు చెప్పానో ఆ కథ. ఆ పాము పడగలు ఏమిటో ఇవాళ కనపడింది.

సబ్బు నురగ.

20 అక్టోబర్, ఆదివారం

ఇవాళ మాట్లాడాను. అబ్బ, మాట్లాడాను!

నా ప్రవచనానికి గుడి మండపం నిండింది. గుఢియారీ తెలుగువాళ్ళంతా వచ్చారు, రైల్వే వాళ్ళూ వచ్చారు. వచ్చేది కార్తీకం. దీపపు కుందులు, చెంబులు, పళ్ళేలు తోమడానికి ఆడవాళ్ళు గట్టు మీది రాతిబండ దగ్గరకు వస్తారు. తోమిన నీళ్ళన్నీ నాలాలోకే. ఆ బండ మీద ఏ పొడి వేస్తున్నారమ్మా అని అడిగాను. దేవుడికి దీపం పెట్టే చేత్తో చెరువుకు విషం పెడుతున్నారు అన్నాను. మైకు కూసింది. మీ అమ్మమ్మలు ఇత్తడిని దేంతో తోమారు, చింతపండుతో కాదా, నిమ్మడిప్పతో కాదా అని గర్జించాను. ఒకావిడ ఏడ్చేసింది.

చివర్లో చిన్నమ్మ లేచింది. పూలకొట్టు చిన్నమ్మ. ఆడవాళ్ళందరికీ పెద్ద ఆమే. ఏటి సూస్తారే, రండి అని అందరినీ దీపం ముందుకు తోలింది. తలో చింతపండు ముద్ద చేతికిచ్చింది. ఇవాళ్టి నుంచే, కార్తీకం అయ్యేదాకా సబ్బు పొడి ముట్టమని ఒట్టు వేయించింది. ఇలాంటి ఒట్టు నేనెక్కడా చూడలేదు. నా మాటకు వేశారు.

తర్వాత అందరూ వెళ్ళిపోయారు. జంపఖానాలు నేనే మడిచాను.

23 అక్టోబర్, బుధవారం

బిందుమాధవి నవ్వుతూ ఎదురొచ్చింది. నాలాలో వచ్చే ఫాస్ఫేటే బాగా తగ్గిపోయిందట. మిమ్మల్ని ప్రాజెక్ట్ స్టాఫ్‌లో వేసుకుంటాం బాబాయ్ గారూ, జీతం మాత్రం ఉండదు అంది. ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చింది.

నాకు ఒకరు టీ పోసి ఇచ్చి చాలా కాలమైంది. నిలబడే తాగాను. కూర్చుంటే ఎక్కువసేపు ఉండిపోతానేమోనని.

29 అక్టోబర్, మంగళవారం

కార్తీకం మొదలు. బండ మీద చోటు లేదు. ఎక్కడ చూసినా చింతపండు పిప్పి, నిమ్మడిప్పలు. ఒక్క నురగ బుడగ లేదు.

4 నవంబర్, సోమవారం

డ్రమ్ముల్లోంచి వచ్చే నీరు రంగు మారింది. తుప్పు రంగు. మొదటి సోమవారం, అందరూ స్నానాలకు వచ్చిన పూట. చూసిన పిల్లలు ఖూన్, ఖూన్ అని అరిచారు. బిందుమాధవి మోకాళ్ళ మీద కూర్చుని పైపులు విప్పుతోంది. పలకరించాను. తల ఎత్తలేదు.

6 నవంబర్, బుధవారం

సూర్యారావు గారు కబురు పెట్టారు. గుడి కమిటీ ప్రెసిడెంటు, రైల్వేలో గార్డుగా రిటైరయ్యారు. ఇప్పటికీ పచ్చజెండా ఊపితే తప్ప ఎవరూ కదలకూడదు. పవిత్ర మాసంలో మిషను నెత్తురు కక్కుతోంది కేశవులూ, బస్తీ వాళ్ళు మన గుడిని చూసి నవ్వుతున్నారు, నువ్వొక మాట చెబితే తీయించేస్తా అన్నారు. ఆ పిల్ల దగ్గర నువ్వు టీ తాగుతున్నావట కదా అని కూడా అన్నారు.

చూద్దాం అన్నాను.

8 నవంబర్, శుక్రవారం. ఏకాదశి

మిషనుకు వ్యతిరేకంగా మాట్లాడాను.

ఎందుకో నిజం రాస్తాను. అందరూ నా ముఖం చూశారు. నీళ్ళు ఎందుకు ఎర్రబడ్డాయో నాకు తెలియదు. మైకు ముందు నిలబడి తెలియదు అనే మాట నేను జన్మలో అనలేదు. నోటికి వచ్చింది అనేశాను. మనిషి చేసిన పొడి దేవుడి నీటిని కడుగుతుందా, కన్ను పొడిచిన వేలు కాటుక పెడుతుందా అన్నాను. చప్పట్లు కొట్టారు. కథ మధ్యలో చూస్తే ఆ అమ్మాయి వెనక స్తంభం దగ్గర హెల్మెట్ పట్టుకుని నిలబడి ఉంది. ఇంకొంచెంసేపటికి చూస్తే లేదు.

ఇరవయ్యో తారీఖున డ్రమ్ములు తీసేయాలని కమిటీ తీర్మానం.

9 నవంబర్, శనివారం

ఆమె రాలేదు.

12 నవంబర్, మంగళవారం. పౌర్ణమి

నీళ్ళ మీద దీపాలు వదిలారు. నాచు దట్టంగా ఉందేమో, దీపాలు కదలలేదు. వదిలిన చోటే నిలబడి ఆరిపోయాయి. నా దీపమూ అంతే. పక్కన ఎవరైనా ఉంటే నవ్వుకునేవాళ్ళం.

13 నవంబర్, బుధవారం

వారపు సెలవు. పొద్దున్నే గది తలుపు కొట్టింది. బిందుమాధవి. చేతిలో చిన్న పెట్టె. లోపలికి రమ్మనడానికి సిగ్గేసింది. గిన్నెలు కడగలేదు. అరుగు మీదే కూర్చున్నాం.

మీతో గొడవకు రాలేదు, ఒకటి చూపిస్తాను, తర్వాత మీ ఇష్టం అంది. పెట్టెలోంచి రెండు సీసాలు తీసింది. రెండింట్లోనూ ఒకే నీళ్ళు, ఒకే కొలత ఫాస్ఫేట్, ఒకే గుళికలు వేసి రాత్రంతా ల్యాబ్‌లో కుదిపిందట. తర్వాత గుళికలు వడకట్టేసి నీళ్ళు మాత్రం తెచ్చింది. తేడా ఒక్కటే. రెండో సీసాలో మన బండ మీది నీళ్ళు కొంచెం కలిపింది. రెండింట్లోనూ ఏదో మందు చుక్కలు వేసింది. ఫాస్ఫేట్ మిగిలి ఉంటే నీలం తిరుగుతుందట. కూర్చున్నాం. పాలవాడు వచ్చి, ఏం బాబూజీ, జాదూ నేర్చుకుంటున్నారా అని నవ్వి పోయాడు.

మొదటి సీసా తేటగా అలాగే ఉంది. రెండోది నీలం అయింది. నీలిమందు పోసినట్టు.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. గుళిక మీద సీట్లుంటాయి బాబాయ్ గారూ. ఫాస్ఫేట్ వచ్చి కూర్చునేది వాటిలోనే. చింతపండు పులుపులో, నిమ్మ పులుపులో ఒక రకం ఆసిడ్లున్నాయి. వాటికీ ఆ సీట్లంటేనే ఇష్టం. పండగపూట జనరల్ బోగీ చూశారుగా, ముందే ఎక్కి తువ్వాలు పరిచేస్తారే, అలా. ఇక ఫాస్ఫేట్ ప్లాట్‌ఫారం మీదే. పైగా ఈ పులుపు ఊరికే కూర్చోదు, సీటు రేకు కూడా ఊడబీక్కుని పోతుంది. ఆ ఎర్ర నీళ్ళు నెత్తురు కాదు, గుళికల మీద మేం అంటించిన ఇనుము.

అంటే నేను పాపం చేశానా అని అరిచాను. వీధిలోకి వినపడేలా అరిచాను. సబ్బు మాన్పించినవాణ్ణి నేను, చెరువు కోసం గొంతు చించుకున్నవాణ్ణి నేను, నిన్నగాక మొన్న వచ్చిన పిల్లవి నువ్వు అన్నాను.

పాపం అనలేదు బాబాయ్, పులుపు అన్నాను, అంతే. మీరు చెప్పినదాంట్లో సగం మంచే జరిగింది. తప్పు నాదీ ఉంది. ల్యాబ్‌లో శుభ్రమైన నీళ్ళలో ఫాస్ఫేట్ ఒక్కటే కలిపి చూశాను. మనుషులు వాడే నీళ్ళలో చూడలేదు అంది. ఇంకో చెరువు దొరకదట. ఇక్కడ డ్రమ్ములు లేస్తే రెండేళ్ళ పని లేచిపోయినట్టే. అడగడానికి రాలేదు, మీకు తెలియాలని వచ్చాను అని సీసాలు సర్దుకుంది.

టీ ఇస్తాననలేదు నేను. పాలు కూడా ఉన్నాయి.

14 నవంబర్, గురువారం

షిఫ్ట్ అంతా కోపం. ఆమె మీద అనుకున్నాను.

సాయంత్రం గ్రంథం తెరిచాను. దానం చేయడంలో అంతటివాడు లేని ఒక రాజు. ఇచ్చేసిన ఆవు తప్పిపోయి తిరిగి మందలో కలిస్తే, తెలియక దాన్నే ఇంకొకరికి ఇచ్చేశాడు. ఊసరవెల్లి అయి నీళ్ళు లేని బావిలో పడ్డాడు. ఈ కథను ఇన్నేళ్ళూ దానం గొప్పతనం కోసం చెప్పాను. తెలియక ఇచ్చాడు కదా, పాపం ఎందుకు అంటింది అని నన్ను ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

16 నవంబర్, శనివారం

సూర్యారావు గారికి చెప్పాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. అరే భాయ్, ఎవరికి తెలుసు ఇదంతా? తప్పు మిషను మీద పడిపోయింది, పడనీ. నీ పేరు నిలబడింది, గుడి పేరు నిలబడింది. చుప్ రహో అన్నారు. ప్రేమగానే అన్నారు. ఆయన నన్ను అంత ప్రేమగా ఎప్పుడూ పలకరించలేదు.

నాకున్నదల్లా ఆ మైకు ముందు కూర్చునే జనమే. వాళ్ళు ఇంటికి వెళ్ళాక నేనెవరినో నాకు తెలియదు. ఎవరూ చదవరు కనక రాస్తున్నాను.

18 నవంబర్, సోమవారం, సాయంత్రం 4

చెప్పేశాను.

మూడో సోమవారం, జనం కిక్కిరిసి ఉన్నారు. శ్లోకం చదివి మొదలుపెట్టబోయి మానేశాను. మొన్న ఏకాదశినాడు నేను తెలియకుండా మాట్లాడాను అన్నాను. ముందు వరసలో ఎవరో కొత్త కథ అనుకుని చేతులు జోడించారు. కథ కాదమ్మా అన్నాను. నీళ్ళు ఎర్రబడింది మిషను వల్ల కాదు, చింతపండు వల్ల, అది మీ చేతికి వచ్చింది నా నోటి వల్ల అన్నాను. సీట్ల సంగతి, తువ్వాళ్ళ సంగతి చెప్పాను. రైల్వే వాళ్ళు తలలూపారు. కొందరు నవ్వారు. సబ్బు పొడికి మళ్ళీ పోవద్దు, చింతపండుతోనే తోమండి, కానీ ఈ బండ మీద కాదు, మండపం వెనక కుళాయి దగ్గర, ఆ నీళ్ళు అరటి మొక్కల్లోకి పోతాయి, మట్టి తాగేస్తుంది అన్నాను.

చిన్నమ్మ లేచింది. ఏటి కేశవులు బావూ, మొన్న సబ్బు పాపమన్నావు. నీ మాట ఇని దీపం కాడ అందరి సేతా ఒట్టెయ్యించినాను. నేడు సింతపండు పాపమంటన్నావు. రేపు ఇంకేటెట్టి తోమాల గిన్నెలు, నీ నాలికెట్టా? మండపం మండపమంతా నవ్వింది. ఆ ఒట్టు తీసి గట్టున ఎట్టమంటావా అంది. వద్దమ్మా, ఒట్టు చెల్లుతుంది, చోటు మారాలి అన్నాను. ఆ కుళాయి కాడ వరస ఎంతుంటాదో నీకు తెల్సా, ఎప్పుడైనా బిందె మోసినావా అని ఇంకెవరో అరిచారు. మోయలేదు.

అప్పుడు సూర్యారావు గారు మైకు తీగ లాగేశారు.

మైకు లేకుండా నా గొంతు నాకే వింతగా వినిపించింది. చిన్నది. మూడో వరస దాటలేదు. నాకు తెలియకపోయినా తెలిసినట్టు మాట్లాడాను అని ఆ గొంతుతోనే ఇంకోసారి అన్నాను. అప్పటికే సగం మంది చెప్పులు వెతుక్కుంటున్నారు.

బిందుమాధవి ఇవాళ అక్కడ లేదు. నయమే.

18 నవంబర్, సాయంత్రం 7

సుభద్రకు ఫోన్ చేశాను. చాలా నెలలైంది. జరిగింది చెప్పాను. మైకులోనా, తప్పయిందని నువ్వు మైకులో అన్నావా అని రెండుసార్లు అడిగింది. సగం నుంచి మైకు లేదు అన్నాను. నవ్వింది. ఆ నవ్వు మరిచిపోయాను నేను. ఇంట్లో నాతో కూడా మైకు పెట్టుకునే మాట్లాడేవాడివి కదయ్యా అంది. తర్వాత తిన్నావా అంది. తిన్నానన్నాను. వాళ్ళ అక్క పిలిస్తే పెట్టేసింది.

తినలేదు.

19 నవంబర్, మంగళవారం

సూర్యారావు గారు నా గదికే వచ్చారు. రేకు పెట్టె మీద కూర్చున్నారు. చూడు కేశవులూ, గుడిలో సబ్బు పార్టీ, చింతపండు పార్టీ తయారయ్యాయి. నువ్వు మళ్ళీ మైకు పట్టుకుంటే కొట్టుకుంటారు. రేపు డ్రమ్ములు తీయడానికి కూలీలు వస్తున్నారు. ఆ పిల్ల పని అయ్యేదాకా ఉంచమంటే ఉంచుతా. నువ్వు వేదిక దిగు. రెండూ కావాలంటే కుదరదు, ఆప్ హీ బోలో, ఏది కావాలో నువ్వే చెప్పు అన్నారు.

ఒక్కరోజు అడిగాను.

20 నవంబర్, బుధవారం

డ్రమ్ములు అన్నాను.

24 నవంబర్, ఆదివారం

ఈ వేళకు మండపంలో ఉండేవాణ్ణి. గట్టు మీద కూర్చున్నాను.

బిందుమాధవి గుళికలన్నీ తీసి కాస్టిక్ సోడా నీళ్ళతో కడిగింది. పాడైపోయినవి మార్చింది. అందరూ కాదు గానీ కొందరు ఆడవాళ్ళు కుళాయికి వెళుతున్నారు. మొదట వెళ్ళింది చిన్నమ్మే. గంప నిండా ఇత్తడి నెత్తిన పెట్టుకుని, నన్ను చూసి, నీ కడుపు సల్లగుండ, నడుం ఇరిగిపోతంది అని తిట్టుకుంటూ వెళ్ళింది. ఆమె వెళ్ళాక వెనక ఇంకో ముగ్గురు. డ్రమ్ముల నీటిలో ఎరుపు తగ్గింది.

ప్రవచనం ఎందుకు మానేశారు బాబాయ్ గారూ అని బిందుమాధవి అడిగింది. గొంతు బాగాలేదు అన్నాను. పసుపు వేసుకుని పాలు తాగమంది. తాగుతానన్నాను.

27 నవంబర్, బుధవారం. పోలి పాడ్యమి

తెల్లవారక ముందే అరటి డొప్పల్లో దీపాలు పెట్టి వదిలారు. తర్వాత కొత్తాయన ప్రవచనం. భిలాయి నుంచి పిలిపించారు. మెత్తని గొంతు. ఎవరినీ తిట్టడు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. నేను చివర, చెప్పులు విడిచే చోట కూర్చున్నాను. అక్కడి నుంచి మాట సగం వినపడదు. ఇన్నేళ్ళూ అక్కడ కూర్చున్నవాళ్ళకు నేనూ అలాగే వినపడి ఉంటాను.

బిందుమాధవి లెక్కలు కుదిరాయట. పులుపు పోయాక గుళికలు మళ్ళీ పట్టుకుంటున్నాయి. పులుపుతో ఎంత పోయింది, లేకుండా ఎంత నిలిచింది, రెండూ రాస్తుందట. ఇలా చెడిపోవడమే నా థీసిస్‌లో అసలు చాప్టర్ అయింది, ఎవరూ ఇలా నిజమైన చెరువులో చూడలేదు అంది. సంతోషంగా ఉంది. డ్రమ్ములు ఎండాకాలం దాకా ఇక్కడే ఉంటాయి. ఆమె మాత్రం ఇక నెలకోసారి వస్తుంది. నమస్కారం పెట్టి, స్కూటీ మీద టాటీబంధ్ వైపు వెళ్ళిపోయింది. మలుపు తిరిగేదాకా చూశాను.

నెలకోసారి.

8 డిసెంబర్, ఆదివారం. ఏకాదశి

గట్టు మీద కూర్చుని ఉన్నాను. బీర్‌గావ్ నుంచి కొత్తగా వచ్చినావిడ అనుకుంటాను, చంకలో ఇత్తడి బిందె, చేతిలో చింతపండు. నన్నెరగదు. తాతా, ఇక్కడ తోముకోవచ్చా, తప్పేం లేదు కదా అని అడిగింది.

ఇది చేయొచ్చా అని ఇన్నేళ్ళలో నన్నెవరూ అడగలేదు. నేనే చెప్పేవాణ్ణి.

నోరు తెరిచాను. చెయ్యి ఎత్తి కుళాయి వైపు చూపించాను. ఆవిడ వెళ్ళింది. చెయ్యి దించడానికి చాలాసేపు పట్టింది.